వెనక యాక్సిల్ బుష్‌లు ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?

మీ ప్రశ్న ఇది: హన్మకొండలో తొమ్మిదేండ్ల హ్యాచ్‌బ్యాక్, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. స్పీడ్ బ్రేకర్ దిగంగనే వెనక నుంచి "ధక్" మని సప్పుడు. షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేసినా పోలేదు. మెకానిక్ యాక్సిల్ మొత్తం మార్చాలె అంటున్నడు. బుష్‌లు మాత్రమే, అదీ ఇంటి దగ్గర, మార్చుకునే వీలుందా?

ఉన్నది. జాకీ, పానాలు పట్టుకోవడం అలవాటున్న మనిషికి, పక్కన ఇంకొకరు సాయం ఉంటే, ఒక రోజు పని. కొత్త బుష్ లోపటికి ఎక్కించుడే కష్టమని అందరు అనుకుంటరు. కానీ చేసిన పని పాడయ్యేది అక్కడ కాదు, చివర బోల్టు బిగించే దగ్గర. దాని గురించి కింద వివరంగ రాసిన, ఆ పేరా మాత్రం దాటెయ్యకండి.

మన దగ్గర తిరిగే చిన్న కార్లకు ఎక్కువగ వెనక టార్షన్ బీమ్ ఉంటది. రెండు చక్రాలను కలిపే ఒకే ఇనుప దూలం, దాని రెండు చేతులు ముందుకు చాచి బాడీ బ్రాకెట్లల్ల ఒక్కొక్క పెద్ద బోల్టు మీద ఆగుతయి. ఆ చేతుల కొసకు ఉండే రబ్బరు బుష్‌లు రెండే రెండు. లోపట ఒక ఇనుప గొట్టం, బయట ఇంకొక గొట్టం, నడుమ రెండింటికీ అతికిన రబ్బరు. ఎండకు, వయసుకు రబ్బరు పగులుతది. కరీంనగర్ గ్రానైట్ లారీలు, భూపాలపల్లి బొగ్గు లారీలు నలగ్గొట్టిన రోడ్ల మీద రోజూ తిరిగే బండికి ఇంకా ముందే పోతది. యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతరు, వడ్లు ఎత్తినంక ఆ రాళ్లు అక్కడ్నే ఉంటయి. చీకట్ల వెనక చక్రం ఒక రాయి ఎక్కితే ఆ దెబ్బ నేరుగ ఈ రబ్బరు మీదనే పడ్తది.

ముందు సప్పుడు నిజంగ బుష్‌దేనా తేల్చుకోండి. డిక్కీల ఉన్న జాకీ, స్టెప్నీ తీసి పక్కన పెట్టి ఒకసారి నడపండి. చాలాసార్లు సప్పుడు అక్కడ్నే పోతది. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు, షాక్ అబ్జార్బర్ పై కొసను బాడీకి పట్టి ఉంచే మౌంట్ చూడండి. గతుకుల మీద వరసగ లొడలొడ అంటే అనుమానం షాక్ మౌంట్ మీద. ఖాళీ జాగల నెమ్మదిగ రివర్స్ పోయి గట్టిగ బ్రేక్ కొట్టినప్పుడు వెనక ఒక్కటే ఒక్క "ధక్" వస్తే అది బుష్. తర్వాత దూలం చేతికి, బ్రాకెట్‌కు నడుమ టైరు లివరు పెట్టి ముందుకు వెనక్కు ఒత్తండి. రబ్బరు కొంచెం సాగుడు మామూలే. లోపటి గొట్టం నడుమ నుంచి ఒక పక్కకు జరిగి ఉన్నా, రబ్బరు ఇనుము నుంచి విడిపోయి సందు కనబడ్డా మార్చాల్సిందే. దూలం వంగకుండ, పగులు లేకుండ ఉన్నంత కాలం యాక్సిల్ మొత్తం మార్చే అవసరం లేదు.

బుష్‌లు చాసిస్ నంబరు చెప్పి కంపెనీవే తీసుకోండి, రెండు పక్కలవీ ఒకేసారి. పాలీయురేథేన్ బుష్‌లు గట్టిగ ఉంటయని కొందరు వేసుకుంటరు. రోజువారీ బండికి నేనైతే వద్దంటా. అసలు బుష్‌ల రబ్బరుకు కొన్ని చోట్ల ఖాళీలు కావాలనే వదుల్తరు, ఒక దిక్కు మెత్తగ, ఇంకొక దిక్కు గట్టిగ ఉండాలని. అన్ని దిక్కులా గట్టిగ ఉండేది వేస్తే గతుకు నేరుగ బాడీకి ఎక్కుతది.

బుష్‌ను బయటికి, లోపటికి నెట్టే పనిముట్టును పుల్లర్ అంటరు. అది కొనే అవసరం లేదు, చేసుకోవచ్చు. ఎం14, అంటే 14 మి.మీ. లావు, మర రాడ్డు 30 సెం.మీ., నట్లు నాలుగు, 6 నుంచి 8 మి.మీ. మందం వాషర్లు. రాడ్డు మీద 8.8 లేదా అంతకు మించిన బలం గుర్తు ఉండాలె. సెంట్రింగ్ పనికి అమ్మే మామూలు రాడ్డు తెస్తే నడుమలనే మరలు జారిపోతయి, సగం దిగిన బుష్‌తోని బండి అట్లనే ఆగిపోతది. ఇగ లేత్ షాపుల రెండు ముక్కలు చేయించండి. ఒకటి పాత బుష్‌ను మింగే గొట్టం: లోపటి కొలత బుష్ బయటి కొలత కంటే 2, 3 మి.మీ. ఎక్కువ, పొడవు బుష్ కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ. రెండోది నెట్టే బిళ్ల: బుష్ బయటి గొట్టం కంటే ఒక మి.మీ. చిన్నది, దాని అంచు మీద మాత్రమే ఆనాలె. నడుమ రబ్బరు మీద ఆనితే కొత్త బుష్ ఎక్కక ముందే చిరుగుతది. కొలతలు కొత్త బుష్ మీద వెర్నియర్‌తోని తీయించండి, అందాజతోని చెప్పకండి. రాడ్డును బుష్ నడుమ నుంచి దూర్చి, ఒక పక్క గొట్టం, ఇంకొక పక్క బిళ్ల పెట్టి నట్టు బిగిస్తే, బిళ్ల బుష్‌ను నెడుతది. రాడ్డు మరలకు గ్రీజు దండిగ పెట్టండి. ఎం14 రాడ్డు నట్టు ఒక చుట్టు తిరిగితే 2 మి.మీ. జరుగుతది, 60 మి.మీ. బుష్‌కు 30 చుట్లు. తొందరపడే పని కాదు.

జాగ విషయం. వాకిట్ల మొరం ఉన్నా, వాన పడ్డ నల్లరేగడి ఉన్నా అక్కడ కారు లేపకండి. షాబాద్ బండల కింద ఇసుక ఉంటే జాకీ స్టాండు (లేపిన కారును మోసే ఇనుప ఆసరా) కాలు ఆనిన చోట బండ పగిలి ఒక్కసారిగ దిగుతది. కాంక్రీటు ఉండాలె. లేకుంటే గట్టి చదును నేల మీద 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు వేసి వాటి మీద స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, రాళ్లు అసలే వద్దు. గేటు ముందటి ర్యాంపు వాలు మీద కూడా వద్దు.

పనికి ముందటి రాత్రి బోల్టులను వైరు బ్రష్‌తోని గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పెట్టండి. పొద్దున కారు నేల మీద ఉన్నప్పుడే చక్రం నడిమి నుంచి పైన ఫెండర్ (చక్రం మీది బాడీ రేకు) అంచు దాకా ఎంత ఎత్తున్నదో రెండు పక్కలా కొలిచి రాసుకోండి. ఈ అంకెతోని చివర పని ఉన్నది. చక్రాల నట్లు కొద్దిగ వదులు చేసి, ముందు చక్రాలకు రెండు పక్కలా అడ్డాలు పెట్టి, మొదటి గేర్ల వేసి, హ్యాండ్ బ్రేక్ వదిలెయ్యండి. దాని కేబుల్ దూలం మీది నుంచే పోతది కాబట్టి బిగించి ఉంచొద్దు. దూలం నడుమ జాకీ పెట్టి కారు లేపొద్దు, చాలా మోడళ్లకు అక్కడ వంగుతది. మాన్యువల్ చూపిన చోట బాడీని లేపి, స్టాండ్లు కూడా బాడీకే ఆనించండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు కిందికి ఒక్క నిమిషానికి కూడా దూరొద్దు.

చక్రాలు తీసినంక బ్రేకు హోసు క్లిప్పులు, ఏబీఎస్ వైరు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ క్లిప్పులు విప్పి వదులు చెయ్యండి. దూలం బరువు హోసు మీద వేలాడొద్దు. షాక్ అబ్జార్బర్ కింది బోల్టులు విప్పకండి, దూలం మరీ కిందికి జారకుండ అవే ఆపుతయి. స్ప్రింగులు కూర్చునే చోటికి దగ్గరగ దూలానికి రెండో జాకీ ఆసరా పెట్టండి. ఒక పక్క పెద్ద బోల్టు పూర్తిగ, రెండో పక్కది కొన్ని చుట్లు మాత్రమే విప్పితే, ఆ చెయ్యి ముందు కొస బ్రాకెట్ల నుంచి కిందికి వస్తది. అక్కడ కట్టె ముక్క అడ్డం పెట్టండి. బోల్టు తల ఏ దిక్కు ఉండెనో గుర్తు పెట్టుకోండి. తిప్పి పెడితే తర్వాత బాడీకి తగిలి బయటికి రాదు. కొన్ని మోడళ్లకు బ్రాకెట్ కూడా బోల్టులతోని ఉంటది. దాన్ని కదిలించకండి, కదిలించాల్సి వస్తే అంచు చుట్టూ గీత గీసి పెట్టండి.

పాత బుష్ నెట్టే ముందు దాని రబ్బరుల ఖాళీలు ఏ దిక్కు ఉన్నయో దూలం చేతి మీద తెల్ల పెయింటుతోని గుర్తు పెట్టి ఫోటో తియ్యండి. బయటి అంచు చెయ్యి కంటే ఎన్ని మి.మీ. బయటికి ఉన్నదో కొలవండి. ఒక పక్క అంచు వెడల్పుగ ఉంటే ఆ పక్కకే బయటికి వస్తది, ఉల్టా నెడితే చెయ్యి నలుగుతది.

కదలకపోతే గ్యాస్ మంట పెట్టి రబ్బరు కాల్చే అలవాటు కొన్ని షెడ్లల్ల ఉన్నది. దయచేసి ఆ పని చెయ్యకండి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లల్ల పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కింద, అంటే ఈ బోల్టుల పక్కనే ఉంటది. గ్రైండర్ నిప్పురవ్వలు కూడా వద్దు. రబ్బరును డ్రిల్లుతోని చుట్టూ పొడిచి నడిమి గొట్టం తీసెయ్యండి. మిగిలిన బయటి గొట్టాన్ని హ్యాక్సా బ్లేడుతోని పొడుగునా, దగ్గర దగ్గర రెండు చోట్ల కొయ్యండి. చేతి ఇనుము తగలకముందే ఆగి, ఉలితోని ఆ పట్టీని లోపటికి మడిస్తే గొట్టం వదులైతది.

రంధ్రం తుప్పును 120 నంబరు ఎమరీ కాగితంతోని తుడవండి, అరగదియ్యొద్దు. కొత్త బుష్ రాత్రంతా ఫ్రీజర్ల పెడితే కొంత ఆసరా: బయట 40 డిగ్రీలు, లోపట మైనస్ 18 అయితే 60 మి.మీ. ఇనుము 0.04 మి.మీ. తగ్గుతది. తక్కువే, కానీ మొదటి అంచు పట్టడానికి పనికొస్తది. సబ్బు నీళ్లు పూయండి. ఇంజన్ ఆయిలు, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతది. గుర్తు కలిపి, వాలు చెక్కిన అంచు ముందుండేటట్టు పెట్టి నట్టు తిప్పండి. మొదటి 5 మి.మీ. లోపట వంకర కనబడితే వెంటనే వెనక్కు తీసి మళ్లీ పెట్టండి. వంకరగనే లాగితే రంధ్రం గీసుకుపోతది, అప్పుడు నిజంగనే యాక్సిల్ మార్చాల్సి వస్తది. రెండో పక్క కూడా ఇదే తీరు.

ఇగ బోల్టు. దూలం చేతిని బ్రాకెట్ల పెట్టి, బోల్టు చేతితోని తిరిగినంత వరకే తిప్పి ఆగండి. కారు గాల్లో ఉన్నప్పుడు దూలం కిందికి వేలాడుతుంటది. అట్లనే బిగిస్తే లోపటి గొట్టం ఆ కోణంలనే బ్రాకెట్‌కు పట్టుకుంటది. కారు దిగంగనే చెయ్యి పైకి తిరుగుతది, గొట్టం తిరగదు, నడుమ రబ్బరు మెలిపడ్తది. బండి నిలబడి ఉన్నా ఆ మెలి పోదు. గుంత వచ్చినప్పుడల్ల దాని మీద ఇంకొంత మెలి. మంచి బుష్ కూడా కొన్ని నెలలకే చిరుగుతది, చెడ్డపేరు మాత్రం బుష్ కంపెనీకి పోతది.

అందుకే స్ప్రింగులు తమ గూట్ల సరిగ కూర్చున్నయా చూసి, దూలం కింద చక్రానికి దగ్గరగ జాకీ పెట్టి, పొద్దున రాసుకున్న ఎత్తు వచ్చేదాకా లేపి, అప్పుడు బిగించండి. లేపుతుంటే బాడీ స్టాండు మీది నుంచి లేస్తున్నట్టు కనబడితే అక్కడ్నే ఆపండి. అప్పుడు తీసిన చక్రాలు ఎక్కించి, నాలుగు చక్రాల కింద ఒకే మందం చెక్కలు వేసి కారు దించి, వెనక నాలుగైదు సార్లు ఒత్తి ఊపి బిగించుడు మంచిది. వదులు బోల్టులతోని సర్వీసింగ్ ర్యాంపు దాకా నడుపుకపోయే ఆలోచన మాత్రం వద్దు. టార్క్ అంకె (బోల్టు ఎంత గట్టిగ బిగించాలో చెప్పేది) మీ మోడల్ మాన్యువల్‌లదే, ఇంకొక కారుది పనికిరాదు. నట్టు మార్చాలె అని రాసి ఉంటే కొత్తదే వేయండి.

క్లిప్పులన్నీ పెట్టి, చక్రాలు ఎక్కించినంక హోసు ఎక్కడా మెలిపడలేదని చూడండి, నడిపే ముందు బ్రేకు పెడల్ రెండు మూడు సార్లు తొక్కండి. 100 కిలోమీటర్లు తిరిగినంక బోల్టుల బిగువు మళ్లీ చూడండి, కారు నేల మీద ఉన్నప్పుడే. నాలుగు చక్రాల అలైన్‌మెంట్ తీసే చోట వెనక చక్రాల అంకెలు కూడా కాగితం మీద అడిగి తీసుకోండి. రెండు పక్కలా తేడా చాలా ఉంటే దూలం వంగి ఉండొచ్చు, అట్లయితే మెకానిక్ చెప్పిందే నిజం.