చెరువులో వాడిన మందుకు షెడ్డు నడిపేవారు బాధ్యులా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది వేట మీద బతికే కుటుంబం. కొంతకాలంగా ఇంటి పక్కన షెడ్డు వేసుకుని, చెరువు పట్టుబడి దగ్గర రొయ్యలు కొని, తల తీసి, తొక్క ఒలిచి, ప్యాక్ చేసి, ఫ్రీజ్ చేసి హోటళ్లకు ఇస్తున్నాం. చేపల అమ్మకానికని మా వదిన పేరు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వచ్చి శాంపిల్ తీసుకెళ్లారు. నైట్రోఫ్యూరాన్ (నిషేధించిన ఒక యాంటీబయాటిక్ మందు) అవశేషాలున్నాయి, 'అన్‌సేఫ్' అని పది రోజుల కిందట రిపోర్టు వచ్చింది. మేం ఏ మందూ కలపలేదు. మత్స్యకారులకు ఈ చట్టం వర్తించదని మా వాళ్లంటున్నారు. నిజమేనా? వదినను జైల్లో పెడతారేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు రిపోర్టు మీ చేతికి వచ్చిన తేదీ చూసుకోండి. దాని మీద అప్పీలు చేసుకోవడానికి ఆ రోజు నుంచి 30 రోజులే గడువు. మీకు పది రోజులు అప్పుడే పోయాయి. ఫుడ్ సేఫ్టీ అండ్ స్టాండర్డ్స్ చట్టం, 2006లోని సెక్షన్ 46(4) కింద డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు, అంటే మీ ప్రాంతంలో ఆహార భద్రత వ్యవహారాలు చూసే అధికారికి, అప్పీలు పెట్టుకోవచ్చు. ఆయనకు సబబనిపిస్తే, తన దగ్గర భద్రపరిచిన శాంపిల్ భాగాన్ని మళ్లీ పరీక్షించడానికి రిఫరల్ ల్యాబ్‌కు పంపిస్తారు. తర్వాత కోర్టులో చూసుకుందాంలే అని ఈ గడువు వదిలేసి వచ్చినవాళ్లకు సాయం చేయడం చాలా కష్టం.

అప్పీలు రాసే ముందు రెండు కాగితాలు తీసి చూడండి. ఒకటి, శాంపిల్ తీసిన రోజు మీకిచ్చిన నోటీసు. సెక్షన్ 47 ప్రకారం శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, మీ సంతకం తీసుకోవాలి. ఒక భాగం ఫుడ్ అనలిస్టుకు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు వెళ్తాయి. నాలుగోది, మీరు అడిగితే, గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపాలి. ఈ నాలుగో భాగం సంగతి తెలిసి అడిగేవాళ్లు అరుదు. రెండోది, రిపోర్టు. పరీక్ష చేసిన ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా, ఉంటే ఆ గుర్తింపు ఈ పరీక్షకు కూడా ఉందా అన్నది చూడండి. 2015లో మ్యాగీ నూడుల్స్ మీద నిషేధాన్ని బొంబాయి హైకోర్టు కొట్టేసినప్పుడు, ల్యాబుల గుర్తింపు ఒక ప్రధాన కారణం.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. 'శాంపిల్‌ను ఐసులో పెట్టకుండా తీసుకెళ్లారు' అన్న వాదన బ్యాక్టీరియా లెక్క ఎక్కువ వచ్చిన కేసుల్లో బలంగా నిలుస్తుంది. మీ కేసులో అంతగా పనికిరాదు. దారిలో వేడి తగిలితే బ్యాక్టీరియా పెరుగుతుంది గానీ, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు కొత్తగా పుట్టవు. అవి రొయ్య బతికి ఉన్నప్పుడే ఒంట్లోకి చేరతాయి. ఫ్రీజ్ చేసినా, ఉడికించినా పోవు. కాబట్టి ఆ వాదన మీద ఆశ పెట్టుకోకండి.

ఇక అసలు సందేహం. మీ వాళ్లు చెప్పింది సగం నిజం. సెక్షన్ 18(3) ప్రకారం మత్స్యకారుడు తన వేటలో పట్టిన సరుకుకు, ఆక్వా రైతు సాగుకు ఈ చట్టం వర్తించదు. వేటాడి తెచ్చిన చేపను ఒడ్డున అమ్ముకునే మనిషికి ఇది పెద్ద రక్షణ, ఉండి తీరాల్సిన రక్షణ కూడా. కానీ మీరు చేస్తున్నది అది కాదు. ఇతరుల చెరువు రొయ్యలు కొని, తల తీసి, ఒలిచి, ప్యాక్ చేసి అమ్ముతున్నారు. చట్టం దృష్టిలో అది తయారీ. ఆ మినహాయింపు చేసే పనికే గానీ కులానికో, కుటుంబానికో కాదు. సెక్షన్ 27 కింద తయారుచేసినవారు, ప్యాక్ చేసినవారు ఆ సరుకుకు బాధ్యులు.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. మందు వాడింది చెరువు దగ్గర. ఈ చట్టం చెరువు గట్టు దాటి లోపలికి వెళ్లదు. కేసు మాత్రం షెడ్డులో తొక్క ఒలిచేవాళ్ల మీద పడుతుంది. 2011 నిబంధనలు చేపలు, రొయ్యల విషయంలో నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్స్ వాడకాన్ని నిషేధించాయి. 'యూనిట్‌లో మేం వాడలేదు కదా' అంటే ఆ ఒక్క నిబంధన వరకు జవాబు అవుతుంది. సెక్షన్ 26 కింద అన్‌సేఫ్ సరుకు అమ్మడమే వేరే తప్పు. అక్కడ ఈ జవాబు చాలదు.

అక్కడ పనికొచ్చేది సెక్షన్ 80. తప్పు వేరేవాళ్ల వల్ల జరిగిందని, మీరు చేయదగ్గ తనిఖీలన్నీ చేశారని, లేదా సరుకు ఇచ్చినవారి తనిఖీలను నమ్మడం సమంజసమేనని రుజువు చేయగలిగితే మీకు రక్షణ దొరుకుతుంది. 'మంచి సరుకే అనుకున్నాం' అంటే ఒప్పుకోరు. కాగితం కావాలి. ఏ తేదీన ఏ రైతు చెరువు నుంచి ఎన్ని కిలోలు కొన్నారు, డబ్బు ఎలా ఇచ్చారు, నిషేధిత మందులు వాడలేదని రైతు రాసిచ్చారా, పట్టుబడికి ముందు ల్యాబ్ పరీక్ష జరిగిందా, ఆ లాట్ ఏ ప్యాకెట్లలోకి వెళ్లింది అన్నవి. ఫోన్ పే మెసేజీలు, వాట్సాప్‌లో రైతు పంపిన ఫొటోలు, ఆటో కిరాయి చీటీ, ఏదున్నా బయటకు తీయండి. కొన్న రోజు నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసుకున్న లెక్క ఉన్నా అది సాక్ష్యమే. లేని రికార్డును ఇప్పుడు పాత తేదీతో తయారు చేయొద్దు. దొరికితే అసలు కేసు కన్నా అదే మీకు పెద్ద ముప్పు.

అదే లాట్ సరుకు ఇంకా ఫ్రీజర్‌లో ఉంటే అమ్మకం ఆపండి. హోటళ్లకు వెళ్లింది వెనక్కి రప్పించండి, రాతపూర్వకంగా. సెక్షన్ 28 ఇది మీ బాధ్యతే అంటుంది. తెలిసి కూడా అమ్మితే సెక్షన్ 80 మీద ఆశ వదులుకోవాల్సిందే. పైగా అది తినేది ఎవరి పిల్లలో.

రిజిస్ట్రేషన్ విషయంలో మీ స్థితి బలహీనంగా ఉంది. అది చేపల అమ్మకానికి తీసుకున్నది, మీరు చేస్తున్నది ప్రాసెసింగ్. టర్నోవర్‌ను, సామర్థ్యాన్ని బట్టి ప్రాసెసింగ్‌కు రిజిస్ట్రేషన్ చాలునా, లైసెన్స్ కావాలా అన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫోస్‌కోస్ పోర్టల్‌లో చూసి, వెంటనే దరఖాస్తు పెట్టండి. లైసెన్స్ వస్తే దాని షరతులు కూడా వస్తాయి. ఆరు నెలలకోసారి సరుకు పరీక్ష, రోజువారీ రికార్డులు, పనివాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష. లేబుల్ మీద రొయ్యల అలర్జీ హెచ్చరిక కూడా ఉండాలి.

వదిన గారి సంగతి. రిజిస్ట్రేషన్ ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి నోటీసులు ఆవిడకే వస్తాయి. తినేవాళ్లకు హాని జరగని అన్‌సేఫ్ కేసులో సెక్షన్ 59 కింద గరిష్ఠ శిక్ష 3 నెలల జైలు, 3 లక్షల రూపాయల జరిమానా. ఇది 2023 సవరణ తర్వాతి లెక్క. అయితే రిపోర్టు రాగానే అరెస్టు ఉండదు. జైలుశిక్ష పడే కేసైతే డిజిగ్నేటెడ్ ఆఫీసర్ సిఫార్సు పంపాలి, ఫుడ్ సేఫ్టీ కమిషనర్ అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాతే కోర్టు. పోలీసులు ఇదే విషయంలో భారతీయ న్యాయ సంహిత (2024 జులై నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 274, 275 సెక్షన్లు కూడా పెడతామంటే, వాటికి మూలమైన పాత ఐపీసీ 272, 273 సెక్షన్ల మీద ఆహార భద్రత చట్టానిదే పైచేయి అని 2024లో సుప్రీంకోర్టు రామ్‌నాథ్ కేసులో చెప్పిందని గుర్తు చేయండి.

షెడ్డు నిజంగా నడిపేది మీరైతే కొత్త దరఖాస్తు మీ పేరు మీదే పెట్టుకోండి. పాత కేసులో వదిన గారు కోర్టుకు వెళ్లాల్సి వస్తే మీరూ పక్కన ఉండండి. అప్పీలు మాత్రం ఈ వారంలోనే, ఆవిడ సంతకంతోనే వెళ్లాలి.