తటస్థమా, అలీనమా?

సందేహం: అమెరికా చరిత్ర మీద వ్యాసం రాస్తూ, 1793లో జార్జ్ వాషింగ్టన్ చేసిన ప్రకటనను ‘అలీన విధాన ప్రకటన’ అన్నాను. సంపాదకులు దాన్ని ‘తటస్థ’ అని దిద్దారు. రెండూ ఒకటే కదండీ?

సమాధానం: ఒకటి కాదండీ. ఆ దిద్దుబాటు సరైనదే.

తటం అంటే ఒడ్డు. ఏట్లో ఇద్దరు పెనుగులాడుతుంటే ఎవరి వైపూ దిగకుండా ఒడ్డున నిలబడ్డవాడు తటస్థుడు. అంటే ఈ మాట వాడాలంటే ఎదురుగా ఒక తగాదా ఉండాలి. లీనం కావడం అంటే కలిసిపోవడం. ఏ కూటమిలోనూ కలవనిది అలీనం. దీనికి యుద్ధంతో పని లేదు.

ఇప్పుడు 1793 సంగతి చూడండి. స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, 1778లో, అమెరికా ఫ్రాన్సుతో పొత్తు కుదుర్చుకుంది. ఫ్రాన్సు, బ్రిటన్ 1793లో యుద్ధానికి దిగేనాటికి ఆ ఒప్పందం ఇంకా అమల్లోనే ఉంది. పొత్తులో ఉన్న దేశాన్ని అలీన దేశం అని ఎలా అంటాం? పొత్తు ఉంచుకునే, ఈ యుద్ధంలో మాత్రం ఎవరి పక్షమూ పట్టబోమని ఏప్రిల్ 22న వాషింగ్టన్ చెప్పాడు. అది తటస్థతే.

భాష మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇందులో ఇంకో విశేషం ఉంది. ఆ ప్రకటనలో ‘న్యూట్రాలిటీ’ అన్న మాటే లేదు! విదేశాంగ మంత్రి జెఫర్సన్‌కు ఆ మాట ఇష్టం లేదు. యుద్ధం చేస్తున్న దేశాలన్నిటితో స్నేహంగా, నిష్పక్షపాతంగా ఉంటామని మాత్రం రాశారు. అయినా చరిత్రలో దానికి తటస్థతా ప్రకటన అన్న పేరే స్థిరపడింది.

1796 నాటి వీడ్కోలు సందేశంలో వాషింగ్టన్ శాశ్వత పొత్తులు వద్దన్నాడు. ఇక్కడ ‘అలీన’ రాయాలని చెయ్యి లాగుతుంది. నేనైతే రాయను. ఆ మాట వినగానే మనకు అలీనోద్యమం, దాని నేతలు నెహ్రూ, యుగోస్లావియా టిటో, ఈజిప్టు నాసర్, 1961లో బెల్‌గ్రేడ్‌లో జరిగిన ఆ ఉద్యమ తొలి శిఖరాగ్ర సమావేశం గుర్తొస్తాయి. పైగా, అత్యవసరమైతే తాత్కాలిక పొత్తులు పెట్టుకోవచ్చని వాషింగ్టనే అన్నాడు. ‘శాశ్వత పొత్తులకు దూరం’ అంటే సరిపోతుంది.

‘పొత్తు’ అనే మన మాటను వదులుకోకండి. 1801లో అధ్యక్షుడైన రోజున జెఫర్సన్, అన్ని దేశాలతోనూ నిజాయితీ గల స్నేహం ఉండాలని, చిక్కుల్లో పడేసే పొత్తు మాత్రం ఎవరితోనూ వద్దని చెప్పాడు. అక్కడ ‘పొత్తు’ తీసేసి ‘మైత్రి’ పెట్టి చూడండి. అందరితో స్నేహం కావాలి, ఎవరితోనూ మైత్రి వద్దు! వాక్యం కూలిపోతుంది.

కొందరు ‘ఉదాసీన విధానం’ అని కూడా రాస్తున్నారు. కౌటిల్యుడు ఆ మాటను ఒక రకం రాజుకు వాడాడు గానీ, ఇప్పటి తెలుగులో ఉదాసీనత అంటే పట్టించుకోకపోవడమే. తటస్థతను మీరిన తన పౌరుల మీదే కేసులు పెట్టమన్న వాషింగ్టన్‌కు ఆ మాట ఏమాత్రం నప్పదు.