కంపెనీ కాంపౌండ్‌లో పెరిగిన పిల్లలకు అది సొంత ఇల్లులా అనిపిస్తుందా?

మీ భర్తకు గల్ఫ్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పి, కాంపౌండ్‌లో, అంటే ఉద్యోగుల కుటుంబాలకు కంపెనీ ఇచ్చే ఇళ్ళ ఆవరణలో, పెరిగే పిల్లలకు అది మన ఇల్లే అనిపిస్తుందా అని అడిగారు. నాకు అనిపించింది. అదంతా మా అమ్మ చలవే.

1986 నుంచి 1993 దాకా, అంటే నాకు ఐదేళ్ళప్పటి నుంచి పన్నెండేళ్ళు వచ్చేవరకు, సౌదీ తూర్పు తీరంలో అల్ ఖోబర్ దగ్గర ఒక కాంపౌండ్‌లో ఉన్నాం. చుట్టూ ఎత్తైన గోడ, ఒకటే గేటు. ఇల్లు, మంచాలు, ఫ్రిజ్, చివరికి కర్టెన్లు కూడా కంపెనీవే. గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి.

వంటింట్లో రెండు కుళాయిలుండేవి. పెద్దదాంట్లో ఉప్పునీళ్ళు, చిన్నదాంట్లో మంచినీళ్ళు. కొత్తలో అమ్మ తెలియక పెద్ద కుళాయి నీళ్ళు పోసి కందిపప్పు పెట్టేసింది. ఎనిమిది విజిల్స్ వచ్చినా పప్పు పలుకు పలుకుగానే ఉంది. కాకినాడ వదిలి వచ్చినందుకు కాదు, ఆ పప్పు ఉడకనందుకు ఆ రోజు అమ్మ ఏడ్చింది.

మొక్కలకూ ఆ ఉప్పునీళ్ళు పడేవి కావు. అక్కడి వేసవిలో ఎండతో పాటు సముద్రపు ఉక్క. ఏసీ వెనక పైపు లోంచి బొట్టు బొట్టుగా కారే నీళ్ళు పూటకో బకెట్ నిండేవి. ఆ నీళ్ళతోనే అమ్మ పెరట్లో గోంగూర, కరివేపాకు పెంచింది. బకెట్ మార్చడం నా డ్యూటీ. అప్పట్లో అక్కడ సెలవులు గురు, శుక్రవారాలు. శుక్రవారం పొద్దున కాంపౌండ్‌లో ఎవరింట్లో పోపు వేసినా మా కరివేపాకే.

1991లో గల్ఫ్ యుద్ధం వచ్చింది. ఇరాక్ వేసే స్కడ్ క్షిపణులు మా వైపు కూడా వచ్చేవి. కిటికీల సందులకు టేపు అంటించి, సైరన్ మోగగానే నలుగురం ఒకే గదిలో కూర్చునేవాళ్ళం. ఫిబ్రవరి 25 రాత్రి మాకు దగ్గర్లోనే అమెరికన్ సైనికుల బస మీద ఒకటి పడి 28 మంది చనిపోయారు. ఆ రాత్రి నాన్న నా చెయ్యి వదల్లేదు. మర్నాడు పొద్దున్నే అమ్మ బకెట్ తెచ్చి నా చేతికిచ్చింది, రోజూలాగే.

అందుకే చెబుతున్నా, ఊరి నుంచి సామాన్లు తగ్గించుకుని అయినా సరే, నాలుగు రకాల విత్తనాలు పట్టుకెళ్ళండి. పిల్లలకు ఆ పెరట్లో ఒక పని అప్పజెప్పండి. ఉండబోయేది రెండేళ్ళేగా అని మాత్రం అనుకోకండి. మా నాన్నగారు కూడా రెండేళ్ళకనే వెళ్ళారు.

కాంట్రాక్టు అయిపోయాక పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చేశాం. మళ్ళీ ఆ గేటు దాటి లోపలికి వెళ్ళే వీల్లేదు. వచ్చేసే ముందు అమ్మ ఆ బకెట్‌ని ఎదురింటి మలయాళీ ఆంటీకి ఇచ్చింది. ఏడాది తర్వాత ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కరివేపాకు మొక్క కిటికీ దాటిందట.