పొడి వాడారు కాబట్టి మా బాధ్యత లేదని క్లినిక్ చేతులు దులుపుకోవచ్చా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. వరంగల్‌లో ఒక ఫర్టిలిటీ క్లినిక్‌లో ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే చికిత్స) కోసం, అండాలు పెరగడానికి లెట్రోజోల్ మాత్రలు, తర్వాత ఇంజెక్షన్లు ఇచ్చారు. అదే సమయంలో మా అత్తయ్య ఆన్‌లైన్‌లో తెప్పించిన శతావరి, అశ్వగంధ పొడి రోజూ పాలలో కలిపి తాగాను. పొట్ట ఉబ్బి, ఆయాసం వచ్చి, నాలుగు రోజులు వేరే ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. పొట్టలో నీరు చేరిందన్నారు. క్లినిక్ వాళ్లేమో ఆ పొడి వల్లే ఇలా అయింది, మాకు సంబంధం లేదంటున్నారు. ఇంట్లో ఒకటే గొడవ. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. పొడి తాగినంత మాత్రాన మీ హక్కు ఎక్కడికీ పోదు. కానీ కేసు నిలబడుతుందా లేదా అనేది మీ చేతిలో ఉన్న కాగితాలను బట్టి ఉంటుంది.

ముందు ఇంట్లో గొడవ సంగతి. మీ అత్తయ్యను దోషిని చేయకండి. అండాశయాలను ప్రేరేపించే ఇంజెక్షన్ల వల్ల అవి వాచిపోయి పొట్టలో నీరు చేరడం, బరువు ఒక్కసారిగా పెరగడం, మూత్రం తగ్గడం, ఆయాసం రావడం వైద్యులకు బాగా తెలిసిన సమస్యే, దాన్ని ఓవేరియన్ హైపర్‌స్టిమ్యులేషన్ అంటారు, ఏ పొడీ ముట్టని వాళ్లకూ వస్తుంది. మీకు వచ్చింది అదేనా అనేది మిమ్మల్ని చేర్చుకున్న ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీలో రాసి ఉంటుంది, ముందు అది చదివించుకోండి. అలాగని మూలికలన్నీ నిరపాయమని కూడా నేననను. అశ్వగంధ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి, థైరాయిడ్ మీదా దాని ప్రభావం ఉంటుంది. అందుకే పొడి వల్లే అని క్లినిక్ నోటిమాటగా అంటే చాలదు, ఏ ఆధారంతో అంటున్నారో వినియోగదారుల కమిషన్ ముందు చూపించాలి.

ఇక అసలు ప్రశ్న, వాళ్లు మిమ్మల్ని అడిగారా? మందులు మొదలుపెట్టే ముందు ఇంకేమైనా వాడుతున్నారా, ఆయుర్వేదం, హోమియో, పొడులు, కషాయాలు ఏమైనా ఉన్నాయా అని అడిగి కేస్ షీట్‌లో రాయాలి. నేను చూసిన చాలా కేస్ షీట్లలో ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదా ఒక అడ్డగీత ఉంటుంది. మీరు పంపిన ఫొటోలో ఉన్నది ఆ అడ్డగీతే. మిమ్మల్ని అడిగి, మీరు లేదని చెబితే గీసిన గీతా, అసలు అడక్కుండానే గీసిన గీతా? కేసంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అడిగినా మీరు చెప్పలేదనుకోండి, ఆ మాట నా దగ్గర దాచొద్దు. అందులో మీ తప్పు కొంత ఉందని కమిషన్ భావిస్తే పరిహారం తగ్గొచ్చు, అంతేగానీ కేసు మొత్తం పోవాలనేమీ లేదు.

2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం (సంతానం కోసం చేసే చికిత్సలను నియంత్రించే చట్టం) ఐయూఐ చేసే క్లినిక్‌లకూ వర్తిస్తుంది. చికిత్సలోని మంచిచెడ్డలు, ఖర్చు, దుష్ప్రభావాలు, ప్రమాదాలు దంపతులకు చెప్పి, వాళ్లు ఆలోచించుకుని నిర్ణయించుకునేలా సాయపడాలని ఆ చట్టంలో సెక్షన్ 21 చెబుతోంది. మీరు సంతకం చేసిన నాలుగు పేజీల ఫారం మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా మీరు సంతకం పెట్టారు. అది సంతకమే, కాదనలేం. కానీ మీకు అర్థమయ్యేలా ఎవరు, ఎప్పుడు చెప్పారని మనం అడగొచ్చు. సమీరా కోహ్లీ కేసులో (2008) సుప్రీంకోర్టు, తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్న సమ్మతే సమ్మతి అంది. ఎప్పుడో అరుదుగా వచ్చే ప్రమాదాలన్నీ చెప్పనక్కర్లేదని కూడా అదే తీర్పులో ఉంది, క్లినిక్ లాయర్ పట్టుకునేది ఆ వాక్యాన్నే. ఈ ఇంజెక్షన్లకు ఇది అరుదైన ప్రమాదం కాదు, ఎవరికి ఎక్కువగా వస్తుందో స్కాన్‌లో ఫాలికల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) చూసి డాక్టర్లు అంచనా వేస్తారు కూడా, మన వాదన అక్కడుంటుంది.

ఒక్కటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. దుష్ప్రభావం వచ్చిందంటే నిర్లక్ష్యం జరిగినట్టే అని చట్టం అనుకోదు. ఎంత జాగ్రత్తగా చూసినా ఈ సమస్య రావొచ్చు. డోసు ఎంత, స్కాన్లు ఎన్నిసార్లు తీశారు, పొట్ట ఉబ్బిందని మీరు ఫోన్ చేసిన రోజు ఏమన్నారు, ఇవే తేలుస్తాయి. గ్యాస్ అయ్యుంటుంది, సోమవారం రండి అన్నారని రాశారు కదా, ఆ కాల్ తేదీ, టైము, వాట్సాప్ మెసేజీలు ఏవీ డిలీట్ చేయకండి. మరో గైనకాలజిస్టు రాతపూర్వక అభిప్రాయం ఉంటే బలం. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని హైదరాబాద్‌లో జరిగిన వైద్యానికి సంబంధించిన వి. కిషన్‌రావు కేసులో (2010) సుప్రీంకోర్టు చెప్పింది గానీ, దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు.

ఈ వారంలోనే క్లినిక్‌కు రాతపూర్వకంగా అడగండి, నా రికార్డు మొత్తం కావాలని. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతున్నాయి. పొడి డబ్బా పారేయకండి. మిగిలిన పొడి, మూత మీది బ్యాచ్ నంబరు, బిల్లు, కొన్నప్పటి ప్రకటన స్క్రీన్‌షాట్ అన్నీ ఉంచండి. ఆ ప్రకటనలో సంతానలేమి పోతుందని గ్యారంటీగా రాశారన్నారు కదా, స్త్రీలలో వంధ్యత్వం నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. దానిపై డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు విడిగా ఫిర్యాదు ఇవ్వండి. మందు వల్ల వచ్చిన చెడు ప్రభావాన్ని అలాంటివి నమోదు చేసుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-180-3024కు కూడా తెలియజేయొచ్చు.

కేసు వేసేది మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. రెండేళ్ల గడువు ఉంది. మీరు కట్టిన ఫీజు 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదని టెన్షన్ పడొద్దు, ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి లేదా 15100కు ఫోన్ చేయండి.

మళ్లీ చికిత్సకు వెళ్లే రోజున ఆ డబ్బా సంచిలో వేసుకుని వెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టండి, కేస్ షీట్‌లో రాసేదాకా లేవకండి. అత్తయ్యను కూడా వెంట తీసుకెళ్లండి, రేపు కమిషన్ ముందు ఆవిడే మీకు పెద్ద సాక్షి.