ఏపీ పరీక్షల్లో రెండు త్రీలు వచ్చాయి... అప్లికేషన్‌లో రాయాలా, వద్దా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయి ఈ ఆగస్టులో పన్నెండో గ్రేడ్‌లోకి వెళ్తుంది. మొన్న జులైలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సుల పరీక్షలు) స్కోర్లు వచ్చాయి. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది. కాల్‌క్యులస్ బీసీలో 3, ఇంగ్లిష్ లాంగ్వేజ్‌లో 3, ఫిజిక్స్ 1లో 4, యూఎస్ హిస్టరీలో 4. అంతకుముందు ఏడాది వరల్డ్ హిస్టరీలో 5 వచ్చింది. క్లాసులో మాత్రం అన్నిట్లోనూ ‘ఏ’ గ్రేడే. కంప్యూటర్ సైన్స్ చదవాలని దాని కోరిక. మావారు స్కోర్ల కాగితం ప్రింట్ తీసి, పక్కనే మా తోటికోడలి కొడుకు స్కోర్లు పెన్నుతో రాసి ఫ్రిజ్‌కి అంటించారు. అప్పట్నుంచి పిల్ల మాతో కూర్చుని అన్నం తినడం లేదు. కూచిపూడి మానేసి ఆ రెండు పరీక్షలూ మళ్లీ రాయమంటున్నారాయన. ఆ 3లను క్యాన్సిల్ చేయించాలా? పెద్ద కాలేజీల మీద ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: ముందు ఫ్రిజ్ మీది ఆ కాగితం తీసేయండి. ఈ రాత్రే తీసేయండి. మీవారు ఒప్పుకునేదాకా ఆగొద్దు. పాలకో మంచినీళ్లకో ఫ్రిజ్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, తన స్కోర్ల పక్కన పెదనాన్న కొడుకో చిన్నాన్న కొడుకో తెచ్చుకున్న 5లు చూడాల్సి వస్తున్న పిల్ల భోజనానికి రాకపోవడంలో వింతేమీ లేదు.

మీవారి భయం ఎక్కణ్నుంచి వచ్చిందో ఊహించగలను. ఎంసెట్ ర్యాంకు సీటు తేల్చే చోట పెరిగిన తరం మనది. ఒక్క పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. ఏపీ స్కోరు అలాంటిది కాదు. అడ్మిషన్ ఆఫీసువాళ్లు మొదట చూసేది ట్రాన్‌స్క్రిప్ట్, అంటే హైస్కూల్ కోర్సులూ గ్రేడ్లూ ఉండే పత్రం. మీ స్కూల్లో దొరికే కోర్సుల్లో పిల్ల ఎంత కష్టమైనవి తీసుకుంది, వాటిలో ఎలాంటి గ్రేడ్లు తెచ్చుకుంది అని చూస్తారు. స్కూల్ కౌన్సెలర్ పంపే రిపోర్టులో కోర్సుల కష్టం ఏ స్థాయిదో టిక్కు పెట్టే గడి కూడా ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు జీపీఏ (గ్రేడ్ల సగటు) లెక్కలో ఏపీకి అదనపు పాయింటు ఇచ్చేది కూడా క్లాసు గ్రేడ్ చూసే, మే పరీక్ష స్కోరు చూసి కాదు. అంటే ఏపీలో పెద్ద బరువు మోసేది క్లాసు గ్రేడ్. అందులో మీ అమ్మాయికి అన్నీ ‘ఏ’లే.

ఇక రాయాలా వద్దా అన్నది. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు కలిపి పెట్టే ఒకే ఆన్‌లైన్ దరఖాస్తు) ఏపీ స్కోర్లు విద్యార్థే నింపాలి. మామూలుగా ఏది చూపించాలో, ఏది వదిలేయాలో తన ఇష్టం. 5నూ రెండు 4లనూ రాయమనండి. ఫిజిక్స్ 1లో 4ని తక్కువగా చూడకండి. చాలా ఏళ్లపాటు ఆ పరీక్ష రాసినవాళ్లలో సగం మందికి 3 కూడా రాలేదు. కాల్‌క్యులస్ బీసీ సంగతి వేరు. బాగా గట్టి పిల్లలే రాసే పరీక్ష కాబట్టి ఇటీవలి ఏళ్లలో నూటికి నలభై మందికి పైగా 5 తెచ్చుకుంటున్నారు. కంప్యూటర్ సైన్స్ అడుగుతూ అందులో 3 చూపిస్తే ఫైలు చదివేవాళ్ల కన్ను అక్కడ ఆగుతుంది. అందుకని, వందలో పది మందికి కూడా సీటివ్వని కాలేజీలకు ఆ రెండు 3లూ రాయకపోవడమే మంచిది. సగం మందికి పైగా సీటిచ్చే రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు రాసినా నష్టం లేదు.

రాయకపోతే తక్కువ వచ్చిందని అనుకోరా అంటారేమో. కొందరు అనుకోవచ్చు. కానీ ఆ అనుమానం కన్నా, ఎదురుగా కనబడే అంకె ఎక్కువ చెరుపు చేస్తుంది. అయితే రెండు విషయాలు ముందే చూసుకోండి. కొన్ని హైస్కూళ్లు ఏపీ స్కోర్లను ట్రాన్‌స్క్రిప్ట్ మీదే వేస్తాయి. మీ స్కూలు అలా వేస్తే దాచడంలో అర్థం లేదు. ఈ వారమే కౌన్సెలర్‌ని అడగండి. రెండోది యేల్. శాట్, ఏసీటీ అనే ప్రవేశ పరీక్షలు, ఏపీ, ఏపీ లాంటిదే అయిన ఐబీ, వీటిలో ఏదో ఒక రకం స్కోర్లు ఇవ్వాలని ఆ విశ్వవిద్యాలయం 2024లో ప్రకటించింది. ఏపీ దారి ఎంచుకుంటే అప్పటిదాకా రాసిన అన్ని సబ్జెక్టుల స్కోర్లూ పెట్టాలంది. అక్కడ అప్లై చేసే ఉద్దేశం ఉంటే శాట్ దారినే వెళ్లడం మేలు. ఈ నియమాలు ఏటా మారుతున్నాయి కాబట్టి ప్రతి కాలేజీదీ దాని సొంత పేజీలోనే చదవండి, వాట్సాప్ గ్రూపుల్లో కాదు.

క్యాన్సిల్ మాత్రం చేయించకండి. ఒకసారి చేయిస్తే స్కోరు శాశ్వతంగా పోతుంది. పైగా ఆ అవసరమే లేదు. ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు నుంచి అసలు రిపోర్టు పంపేది మామూలుగా సీటు వచ్చి, కాలేజీ ఖాయం చేసుకున్నాక, అదీ క్రెడిట్ల (ఆ కోర్సు కాలేజీలో మళ్లీ చదవక్కర్లేకుండా ఇచ్చే గుర్తింపు) కోసమే. అప్పటికి ఆ 3లే అక్కరకొస్తాయి. మీరుండే టెక్సస్‌లో, ఇంకా ఎక్కువ స్కోరు అవసరమని ఆధారం చూపిస్తే తప్ప, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 3కి క్రెడిట్ ఇవ్వాలని 2015లో చట్టమే చేశారు. ఒక కోర్సు ఫీజు మిగలడం చిన్న విషయం కాదు. బీసీ స్కోరు కింద ఏబీ సబ్‌స్కోరు (బీసీ పేపర్లో మొదటి స్థాయి కాల్‌క్యులస్ భాగానికి వచ్చే స్కోరు) అని విడిగా ఒకటి ఉంటుంది, అదెంతో చూడండి. బీసీ 3కి క్రెడిట్ ఇవ్వని కొన్ని కాలేజీలు ఏబీ సబ్‌స్కోరు బాగుంటే మొదటి కాల్‌క్యులస్ కోర్సుకి ఇస్తాయి. క్రెడిట్ వచ్చింది కదా అని రెండో కాల్‌క్యులస్ దాటేయొద్దని అమ్మాయికి చెప్పండి. పునాది గట్టిగా లేకుండా పై కోర్సుకి వెళ్తే మొదటి సెమిస్టర్‌లోనే దెబ్బతింటుంది.

మీవారికి తెలియని మాట ఒకటుంది, ఇది ఆయనకు తప్పకుండా చూపించండి. అయిదో, అంతకన్నా ఎక్కువో పరీక్షల్లో 3 గానీ ఆపైన గానీ వచ్చి, రాసిన అన్నిటి సగటు 3.5కి తగ్గకపోతే కాలేజ్ బోర్డు ‘ఏపీ స్కాలర్ విత్ డిస్టింక్షన్’ అనే గుర్తింపు ఇస్తుంది. మీ అమ్మాయివి అయిదు పరీక్షలు, సగటు 3.8. ఆయన తలవంపులుగా భావించి ఫ్రిజ్‌కి అంటించిన స్కోర్లే ఆ గుర్తింపు తెచ్చాయి. అప్లికేషన్‌లో ఆనర్స్ దగ్గర ఆ పేరు రాసుకోవచ్చు.

మళ్లీ పరీక్ష రాయడం సంగతి. ఏపీ పరీక్షలు ఏడాదికొక్కసారే, మేలో. స్కోర్లు జులైలో. సీట్ల నిర్ణయాలేమో మార్చి ఆఖరుకో ఏప్రిల్ మొదట్లోనో వచ్చేస్తాయి. అంటే మళ్లీ రాసి 5 తెచ్చుకున్నా అడ్మిషన్‌కి అది అందదు. సుమారు వంద డాలర్లు, పిల్ల ప్రాణం విసుగు, అంతే. దీనికోసం కూచిపూడి మానేయడం మరీ నష్టం. ఏళ్ల తరబడి నేర్చుకుంటున్న విద్యను పన్నెండో గ్రేడ్‌లో ఆపేస్తే అప్లికేషన్‌లో యాక్టివిటీల భాగంలో పొడవైన వరుస ఒకటి మధ్యలో తెగిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఈ ఏడాది ఒత్తిడిలో పిల్లకి ఊపిరాడే గంటలు అవే.

3 ఎందుకొచ్చిందో తెలుసుకోవడం మాత్రం పనికొస్తుంది. బీసీలో చాలామంది జారేది ఇన్‌ఫినిట్ సిరీస్ దగ్గర. పేపర్లో దాదాపు ఆరో వంతు అదే, స్కూళ్లలో చివరి యూనిట్‌గా హడావిడిగా ముగిస్తారు. ఇంగ్లిష్‌లో మూడు వ్యాసాలకే 55 శాతం మార్కులు. ఒక్కో వ్యాసానికి 6 పాయింట్లయితే అందులో 4 ఆధారాలకీ వాటి వివరణకీ పోతాయి. కొటేషన్ పెట్టి వదిలేసి, అది తన వాదనను ఎలా నిలబెడుతుందో చెప్పకపోతే అక్కడే పాయింట్లు పోతాయి. ఈ లోపం కాలేజీ వ్యాసాల్లోనూ బయటపడుతుంది కాబట్టి, ఇప్పుడు దిద్దుకుంటే నేరుగా లాభం.

నవంబరు 1 చాలా కాలేజీలకు ఎర్లీ (ముందస్తు దరఖాస్తు) గడువు. అప్పటిదాకా ఉన్న మూడు నెలలూ వ్యాసాలకూ, అవసరమైతే ఇంకోసారి శాట్‌కీ, మొదటి సెమిస్టర్ గ్రేడ్లకూ పెట్టమనండి. పన్నెండో గ్రేడ్ గణితంలో ‘ఏ’ గ్రేడ్ వస్తే ఆ బీసీ స్కోరుకి అంతకన్నా మంచి జవాబు లేదు. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం) 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి స్కూల్లో మొదటి 5 శాతం ర్యాంకువాళ్లకు ఆటోమేటిక్ అడ్మిషన్ ఇస్తుంది. ఆ ర్యాంకు క్లాసు గ్రేడ్లది, ఏపీ స్కోర్లకు దానితో సంబంధం లేదు. కానీ కంప్యూటర్ సైన్స్ సీటు ఆ ర్యాంకుతో ఖాయం కాదు, మేజర్‌ని (ప్రధానంగా చదివే సబ్జెక్టు) విడిగా చూస్తారు. అక్కడా, పది శాతం కన్నా తక్కువ మందిని తీసుకునే ఏ కాలేజీలోనూ, అన్నీ 5లున్న పిల్లలకే సీటు రాని సందర్భాలు బోలెడు. అందుకే జాబితాలో తప్పకుండా వచ్చేవి రెండు, వచ్చే అవకాశం బాగా ఉన్నవి నాలుగైదు పెట్టండి. వాటిలో ఒక్కటైనా పిల్ల మనసుకి నిజంగా నచ్చినదై ఉండాలి.

మీవారితో పిల్ల ముందు కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. “తప్పు నీదే” అని మొదలుపెడితే ఆయన వినరు. “దాని భవిష్యత్తు గురించి మీ భయం నాకూ ఉంది, కానీ ఈ కాగితం వల్ల అది మనకి దూరమవుతోంది” అనండి. ఆ తర్వాత పిల్లతో ఆయనే ఒక్క మాట అనాలి: “కాగితం అంటించడం నా తప్పమ్మా.” సంజాయిషీలొద్దు, వెనకాల “కానీ” అసలే వద్దు. తోటికోడలి కొడుకు పేరు మీ ఇంట్లో ఈ ఏడాదంతా మార్కుల సందర్భంలో రాకూడదు. ఊరినుంచి అత్తగారు ఫోన్ చేసి అడిగితే “బాగానే చదువుతోంది” అని మీరే మాట మార్చండి, ఫోన్ దాని చేతికివ్వకండి.

రెండు వారాలు దాటినా తిండి, నిద్ర సరిగా లేకపోతే స్కూల్ కౌన్సెలర్‌తోనూ, పిల్లల డాక్టరుతోనూ మాట్లాడండి. చచ్చిపోవాలనుంది అన్న మాట నోట వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు, అమెరికాలో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

కాలేజీ కబుర్లకి ఆదివారం అరగంట పెట్టుకోండి, ముగ్గురూ కూర్చుని, ఎజెండా అమ్మాయే రాస్తుంది. మిగతా ఆరు రోజులూ భోజనాల దగ్గర ఆ ఊసు తేకండి. మొదటి రెండు మూడు రోజులు పిల్ల పళ్లెం తీసుకుని గదిలోకే వెళ్తే వెళ్లనివ్వండి. టేబుల్ మీద దాని కుర్చీ ముందు కంచం మాత్రం రోజూ పెట్టండి.