పాత పటాలాలకు కొత్త రూల్స్: నెపోలియన్ కాలపు వార్‌గేమింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్ర: మా దగ్గరున్నవి టేబుల్ మీద యుద్ధాల ఆట ఆడే 28 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలు. కొత్త రూల్‌బుక్ తెచ్చి, మొదటి ఆటకే చెరో డివిజన్‌ను (వేలమంది సైనికుల పెద్ద దళాన్ని) టేబుల్ మీదికి దించాం. 3 గంటలు ఆడినా 4 టర్న్‌లు (వంతులు) పూర్తికాలేదు. ఈ రూల్స్ పనికిరావని వదిలేయాలా?

జ: అప్పుడే వదిలేయకండి. ప్రతి కాల్పుకీ పుస్తకం తిరగేసే దశలో ఏ రూల్స్ అయినా ఇలాగే నడుస్తాయి. ముందు డివిజన్లను పెట్టెలో పెట్టేసి, రెండే రెండు బెటాలియన్లు (కొన్ని వందల మంది పదాతి దళాలు) తీయండి. రెండూ మామూలు స్థాయివే అయి ఉండాలి. ఒకటి లైన్‌లో, అంటే వెడల్పుగా పరుచుకుని, నిలబడుతుంది. రెండోది కాలమ్‌లో, అంటే వెడల్పు తక్కువగా లోతు ఎక్కువగా ఉండి, మస్కెట్ (ఆనాటి సైనికుల తుపాకి) దూరానికి కాస్త అవతలి నుంచి దాని మీదికి నడుస్తుంది. ఏదో ఒకటి వెనుదిరిగేదాకా ఆడి, ఫలితం రాసుకోండి. ఇలా 10 సార్లు చేయండి. అయిదారుసార్లు అయ్యేసరికి మాడిఫైయర్లు (పాచిక అంకెకు కలిపే, తీసేసే అంకెలు) నోటికొస్తాయి, పుస్తకం అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

తర్వాత కాలమ్ స్థానంలో అశ్వికదళాన్ని పెట్టండి. ఎదురుగా ఒకసారి స్క్వేర్ (నాలుగు వైపులా బయటికి తిరిగి నిలిచే చతురస్రం), ఒకసారి లైన్, ఒకసారి ఆ లైన్ పక్క భాగం. చివరగా అదే స్క్వేర్ మీద ఫిరంగులు. చరిత్రలో ఏం జరిగిందో తెలిసిన సందర్భాలివి, కాబట్టి రూల్స్‌కు ఇవే గీటురాళ్లు. కుదురుగా నిలిచిన స్క్వేర్‌ను గుర్రాలు ఛేదించడం అరుదు, అలాగని అసాధ్యమూ కాదు. 1812 జూలై 23న స్పెయిన్‌లోని గార్సియా ఎర్నాండెజ్ దగ్గర బ్రిటిష్ సైన్యంలోని జర్మన్ డ్రాగూన్లు (గుర్రపు సైనికులు) ఫ్రెంచ్ స్క్వేర్‌ను బద్దలు కొట్టారు. అందుకే ఆ అవకాశం సున్నా అయినా తప్పే, 10కి 3 సార్లు జరిగినా తప్పే. ఫిరంగుల ముందు మాత్రం స్క్వేర్ ఘోరంగా నష్టపోవాలి. కిక్కిరిసి నిలబడ్డ మనుషులు కదా.

వ్యూహం (లైన్, కాలమ్, స్క్వేర్ లాంటి నిలబడే తీరు) మార్చుకుంటూ ఉండగా దొరికిపోయిన పదాతి దళం గతేమిటన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష. 1811 మే 16న స్పెయిన్‌లోని ఆల్బుయెరాలో, వడగళ్ల వాన మాటున వచ్చిన, ఫ్రెంచ్ పక్షాన పోరాడిన పోలిష్ లాన్సర్లు (బల్లెం పట్టిన గుర్రపు సైనికులు) బ్రిటిష్ అధికారి కోల్‌బోర్న్ బ్రిగేడ్‌లో (కొన్ని బెటాలియన్ల దళంలో) 4 బెటాలియన్లకు మూడింటిని తుడిచిపెట్టారు. 1815 జూన్ 16న నేటి బెల్జియంలోని కాత్ర్ బ్రా దగ్గర బ్రిటిష్ 69వ రెజిమెంట్ స్క్వేర్ కట్టక ముందే ఫ్రెంచ్ క్యూరాసియర్లు (కవచం తొడిగిన గుర్రపు సైనికులు) వచ్చిపడి దాని జెండాను ఎత్తుకుపోయారు. గుర్రాలు ఎంత దగ్గరికొచ్చినా పదాతి ఎప్పుడంటే అప్పుడు స్క్వేర్ కట్టేయగలిగితే, ఆ రూల్స్‌లో అశ్వికదళానికి పనే ఉండదు.

ఇవన్నీ అయ్యాక ఒక చిన్న ఆట ఆడండి. చెరో 4 బెటాలియన్లు, ఒక అశ్విక రెజిమెంట్, ఒక బ్యాటరీ (ఫిరంగుల దళం), 6 అడుగులకు 4 అడుగుల టేబుల్ చాలు. ప్రతి టర్న్ మొదలైన సమయం రాసి పెట్టుకోండి. మూడో టర్న్ దాటాక కూడా ఒక్కోదానికి అరగంట పడుతుంటే, అప్పుడు రూల్స్‌నే అనుమానించొచ్చు.

ప్ర: నా బెటాలియన్‌కు 40 మిల్లీమీటర్ల వెడల్పున్న బేస్‌లు (బొమ్మలు అతికించే పలకలు) 6 ఉన్నాయి, ఒక్కోదాని మీద 4 బొమ్మలు. కొత్త పుస్తకంలో బేస్‌లు 45 మిల్లీమీటర్లు. అన్నీ ఊడదీసి మళ్లీ అతికించాలా?

జ: అక్కర్లేదు. రెండు వైపులా కొలత ఒకటే అయితే చాలు. పుస్తకంలోని దూరాలన్నిటినీ బేస్ వెడల్పుల్లోకి మార్చుకోండి. అక్కడ 180 మిల్లీమీటర్లు అంటే 4 బేస్‌లు, అదే మీకు 160 మిల్లీమీటర్లు.

ఆ దూరాలు నేలకు సరిపోతున్నాయో లేదో మాత్రం లెక్కేసి చూడండి. 600 మంది ఫ్రెంచ్ సైనికులు 3 వరుసల్లో నిలబడితే వరుసకు 200 మంది. మనిషికి సుమారు 55 సెంటీమీటర్ల చొప్పున ముందు భాగం 110 మీటర్లు. మీ టేబుల్ మీద అది 240 మిల్లీమీటర్లు. మస్కెట్ కాల్పులు గట్టిగా పనిచేసేది 100 మీటర్ల లోపే, అంటే సుమారు 220 మిల్లీమీటర్లు. స్థూలంగా ఒక బెటాలియన్ వెడల్పంత. పుస్తకంలో అంతకు రెట్టింపు ఉంటే కాల్పులకు అతి ప్రాముఖ్యం ఇచ్చారన్నమాట. కాలమ్ దగ్గరికి చేరేలోపే చచ్చిపోతుంది.

అదే 600 మంది బ్రిటిష్ వాళ్లయితే 2 వరుసల్లో 165 మీటర్లు పరుచుకుంటారు. ఈ తేడాను పట్టించుకోని రూల్స్‌లో బ్రిటిష్ లైన్‌కు విడిగా కాల్పుల బోనస్ ఉంటుంది. మీరు వెడల్పూ పెంచి బోనసూ ఇస్తే ఒకే బలాన్ని రెండుసార్లు లెక్కేసినట్టే.

మీ 6 బేస్‌లు ఫ్రెంచ్ సైన్యానికి చక్కగా నప్పుతాయి. 1808 ఫిబ్రవరి 18 నాటి ఆదేశంతో వాళ్ల బెటాలియన్‌కు 6 కంపెనీలు ఏర్పడ్డాయి: 4 ఫ్యూజిలియర్ (మామూలు సైనికులు), ఒక గ్రెనేడియర్ (ఎంపిక చేసిన సైనికులు), ఒక వోల్టిజర్ (ముందుకెళ్లి విడివిడిగా కాల్చే సైనికులు). బేస్‌కో కంపెనీ అనుకుంటే రెండేసి కంపెనీల కాలమ్ 2 బేస్‌ల వెడల్పు, 3 బేస్‌ల లోతు వస్తుంది. వోల్టిజర్ బేస్‌ను ముందుకు పంపితే ఆ ఖాళీ కూడా కనిపిస్తుంది.

ప్ర: మొరేల్ పరీక్షకు (దళం ధైర్యంగా నిలుస్తుందా, పారిపోతుందా అని తేల్చేందుకు) 2 పాచికలు వేసి 7 లేదా ఆపైన తెచ్చుకోవాలి. మా దళాలు మరీ తొందరగా పారిపోతున్నాయి. 6కి తగ్గించుకోవచ్చా?

జ: ముందు లెక్క చూడండి. 2 పాచికల మీద 7 లేదా ఆపైన రావడానికి 36లో 21 అవకాశాలు, అంటే 58 శాతం. ఒక మైనస్ పడితే 8 కావాలి, 42 శాతం. రెండు పడితే 9, 28 శాతం. రెండే మైనస్‌లతో నిలబడే అవకాశం సగానికి పడిపోయింది చూశారా. కాబట్టి చాలాసార్లు దెబ్బ కొట్టేది ఆ 7 అంకె కాదు, మైనస్‌లు పేరుకుపోవడమే. నష్టాలకు పాచికలు తగ్గించి, మళ్లీ అదే నష్టానికి మొరేల్‌లోనూ మైనస్ ఇస్తున్నారేమో చూడండి. ఒక టర్న్‌లో ఒకే దళానికి ఎన్ని పరీక్షలు పెట్టాలో కూడా మళ్లీ చదవండి. ఒక్కసారి అని రాసి ఉన్నచోట ప్రతి కాల్పుకీ పెట్టేస్తే ఏ పటాలమూ నిలవదు. ఉన్నవి ఉన్నట్టుగా 3 ఆటలు ఆడాక కూడా ఇదే పరిస్థితి అయితే 6కి తగ్గించండి, 72 శాతం అవుతుంది. ఆ ఆటలో ఇంకేదీ ముట్టుకోవద్దు, లేకపోతే ఏ మార్పు పనిచేసిందో తెలీదు.

ప్ర: తోడు దొరకనప్పుడు ఒంటరిగా పరీక్షించొచ్చా?

జ: నిస్సందేహంగా. బెటాలియన్ల పరీక్షలకు తోడే అక్కర్లేదు. చిన్న ఆటకైతే ఒక్కో బ్రిగేడ్ పేరూ ఒక్కో చీటీ మీద రాసి, కలిపి, వచ్చిన వరుసలో నడపండి. ప్రత్యర్థి బ్రిగేడ్ చీటీ తీసినప్పుడు పాచిక వేయండి: 1 నుంచి 4 వస్తే ఇచ్చిన ఆదేశం ప్రకారం, 5 వస్తే ఉన్నచోటే, 6 వస్తే దగ్గర్లోని శత్రువు మీదికి.