చిమ్నీ ఉన్నా పోపు ఘాటు హాల్లోకి వస్తోంది

ప్రశ్న: మాది మూడో అంతస్తులో ఫ్లాట్. చిమ్నీ పెట్టించి రెండేళ్లయింది. అయినా ఎండుమిర్చి పోపు వేస్తే చాలు, హాల్లో ఉన్న మామయ్యగారికి దగ్గు ఆగదు. ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఇప్పుడే కొనకండి. స్టవ్ ఆపి, చిమ్నీ ఫుల్ స్పీడులో పెట్టి, ఫిల్టర్‌కి కింద నుంచి టిష్యూ కాగితం ఆనించి వదలండి. అంటుకుని నిలవకుండా జారిపడితే, ముందు అనుమానించాల్సింది ఫిల్టర్‌లో జిడ్డునే. వేడినీళ్లలో వంటసోడా, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి అరగంట నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాక బిగించండి. కాస్టిక్ సోడా మాత్రం వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. వేపుళ్లు ఎక్కువ చేసే ఇంట్లో నెలకోసారి కడగాలి.

అప్పటికీ లాగకపోతే లోపం పైపులో ఉండొచ్చు. 6 అంగుళాల పైపును గోడలో 4 అంగుళాల కన్నానికి కుదించినా, వంపులు ఎక్కువైనా గాలి బయటికి పోదు. పైపే లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో నడిచే రకమైతే గాలి తిరిగి వంటింట్లోకే వస్తుంది.

చాలామంది చేసే పొరపాటు ఇంకోటి ఉంది: స్టవ్ పక్క కిటికీ తెరవడం. ఆ గాలి పొగను చిమ్నీకి అందనివ్వకుండా పక్కకు తోసేస్తుంది. దాన్ని మూసి, దూరంగా ఉన్న కిటికీ బెత్తెడు తెరవండి. పోపుకి ఐదు నిమిషాల ముందే చిమ్నీ వేసి, వంటయ్యాక పది నిమిషాలు ఉంచండి.

మంట పసుపుగా ఉండి గిన్నెల అడుగున మసి పడుతుంటే ఆలస్యం చేయకుండా బర్నర్ శుభ్రం చేయించండి. గ్యాస్ అలా సరిగా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ ప్యూరిఫయర్ ఫిల్టరూ ఆపదు.